తిరుపతిలో ట్యూషన్ మొదలుపెట్టేవాళ్లకు: గది, బ్యాచ్, మొదటి పరీక్ష, ఫీజు

తిరుపతిలో ట్యూషన్‌కు పిల్లలు దొరకడం పెద్ద కష్టం కాదు. వచ్చిన పిల్లల్ని నిలబెట్టుకోవడమే కష్టం. జూన్‌లో గేటుకు బోర్డు కట్టిన చాలా చోట్ల దసరా సెలవులయ్యేసరికి బ్యాచ్ పలచబడుతుంది. ట్యూషన్ అంటే బడిలో ఇచ్చిన హోంవర్కు చేయించి పంపే చోటుగా నడపడమే దీనికి ముఖ్య కారణం. రోజూ హోంవర్కు పూర్తవుతుంది, నోటుబుక్కు నిండుతుంది, మార్కులు మాత్రం కదలవు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అడ్డం పడుతున్నది తొమ్మిదో తరగతి పాఠం కాదు, ఆరో తరగతిలో వదిలేసిన భిన్నాలు. అది కనిపెట్టి సరిచేసేవాళ్ల దగ్గరికి పిల్లలు వెతుక్కుంటూ వస్తారు. గది, ఫీజు, బ్యాచ్ అన్నీ ఆ పనికి వీలుగా కుదుర్చుకోవాలి.

ఇక్కడ ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెప్పడాన్ని ఉదాహరణగా తీసుకున్నాం. సైన్సు, ఇంగ్లీషు చెప్పేవాళ్లకూ పద్ధతి ఇదే.

ఎవరికి, ఏం చెప్పాలి

ముందు ఒక సంగతి. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా బడిలో పనిచేసే టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బీఈడీ అయి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు, ఎస్వీ యూనివర్సిటీలోనో మహిళా యూనివర్సిటీలోనో పీజీ చేసి ఇంటి దగ్గర ఉన్నవాళ్లు, రిటైరైన అయ్యవార్లు దిగాల్సిన పని ఇది.

"ఒకటి నుంచి పది వరకు, అన్ని సబ్జెక్టులు" అని బోర్డు రాయొద్దు. పన్నెండు మంది పిల్లలు, ఏడు రకాల తరగతులు, గంట సమయం. లెక్కేస్తే ఒక్కొక్కరికి వచ్చేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో హోంవర్కు జవాబు చెప్పడం తప్ప ఇంకేమీ కుదరదు. మొదటి ఏడాది ఒకే సబ్జెక్టు, రెండే బ్యాచ్‌లు పెట్టుకోండి. ఆరు, ఏడు తరగతులు ఒకటి. ఎనిమిది, తొమ్మిది ఇంకొకటి. పదో తరగతిని మిగతావాళ్లతో కలపొద్దు. చెప్పడం చేయి తిరిగాక, రెండో ఏడాది విడిగా మొదలుపెట్టండి. బ్యాచ్‌కు ఎనిమిది మంది మంచి లెక్క, పది మంది హద్దు. పదకొండో పిల్లవాడి తల్లి వచ్చి బతిమాలితే పేరు రాసుకుని, ఖాళీ వచ్చినప్పుడు పిలవండి. మొహమాటానికి పోయి చేర్చుకుంటే ఉన్న పదిమందికీ అన్యాయం జరుగుతుంది.

చోటు

చిన్న తరగతుల పిల్లలు నడిచో సైకిల్ మీదో రావాలి. అంటే మీ పిల్లలు దాదాపు అందరూ కిలోమీటరు లోపలే ఉంటారు. కొర్లగుంటలో ట్యూషన్ పెట్టి ఎం.ఆర్.పల్లి నుంచి వస్తారని ఆశపడొద్దు. రైలు పట్టాలు దాటి, పెద్ద రోడ్డు దాటి సాయంత్రం ఏడింటికి ఆరో తరగతి పిల్లను ఎవరూ పంపరు. మీ వీధి చుట్టూ కిలోమీటరు తిరిగి నాలుగు విషయాలు చూసుకోండి. చుట్టుపక్కల ఏ బడుల యూనిఫాంలు ఎక్కువ కనిపిస్తున్నాయి? ఆ బడులు ఎన్ని గంటలకు వదులుతున్నాయి? బడి బస్సు ఏ మలుపులో దింపుతోంది? రాత్రి ఎనిమిదింటికి ఆ సందులో వీధిదీపం వెలుగుతోందా? పెద్ద ప్రైవేటు బడుల్లో పై తరగతులకు స్టడీ అవర్స్ ఉంటే పిల్లలు ఇంటికి చేరేసరికి ఆరు దాటుతుంది. అక్కడ ఐదింటి బ్యాచ్ పెట్టినా ఎవరూ రారు.

సాధారణంగా చిన్న బ్యాచ్‌కు 5.15 నుంచి 6.30, పెద్ద బ్యాచ్‌కు 6.45 నుంచి 8.00 సరిపోతుంది. మధ్యలో పావుగంట ఖాళీ తప్పనిసరి. లేకపోతే వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు, తీసుకెళ్లడానికి వచ్చిన బండ్లు అన్నీ ఒకేసారి సందులో చేరతాయి. పక్కింటివాళ్లతో మొదటి గొడవ పాఠం గురించి రాదు, వాళ్ల గేటు ముందు ఆపిన స్కూటర్ గురించి వస్తుంది.

ఈ ఊళ్లో టీటీడీ, హోటళ్లు, రవాణా పనుల్లో ఉన్నవాళ్లకు షిఫ్టు డ్యూటీలు. తండ్రి కొండ మీద రాత్రి డ్యూటీలో ఉంటే పిల్లను ఎవరు తీసుకెళ్తారో చేర్చుకున్న రోజే రాసుకోవాలి.

గది, సామాను

మొదటి ఏడు ఇంట్లోనే, వీలైతే మిద్దె మీద గదిలో మొదలుపెట్టండి. బాడుగ లెక్క ఎందుకు గిట్టదో ఫీజు దగ్గర చూద్దాం. 10 అడుగులకు 12 అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. బోర్డు ముందు మూడడుగులు మీరు నిలబడటానికి వదిలేస్తే 90 మిగులుతుంది. ఒక్కొక్కరికి 11 చదరపు అడుగులు ఇస్తే ఎనిమిది మంది. అంతకంటే ఇరికిస్తే మీరు పిల్లవాడి వెనక్కి వెళ్లి నోటుబుక్కు చూడలేరు. ముందు వరుస దాటి లోపలికి వెళ్లలేని గదిలో వెనక వరుసకు చదువు అందదు.

కింద జంపఖానా వేసి, చేతిలో పరీక్ష అట్ట ఇస్తే చిన్న బ్యాచ్‌కు చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లు గంటంపావు అట్ట మీద వంగి రాస్తే నడుము నొప్పి అంటారు, కాబట్టి వాళ్లకు మడత బల్లలు కొనండి. బోర్డు 6 అడుగులకు 4 అడుగులది తీసుకోండి. 3 అడుగుల బోర్డులో సగం లెక్క చేసేసరికి పైభాగం తుడపాల్సి వస్తుంది, నెమ్మదిగా రాసేవాడు అక్కడే తప్పిపోతాడు. కిటికీకి ఎదురు గోడకు తగిలిస్తే సాయంత్రం వెలుగు బోర్డు మీద పడి మెరుస్తుంది, ఒక పక్క కూర్చున్నవాళ్లకు అక్షరాలు కనబడవు. కిటికీ ఉన్న గోడకు పక్కనున్న గోడకు తగిలించి, ట్యూబులైటు పక్క నుంచి పడేలా చూడండి. పిల్లలు కింద కూర్చుంటారు గనుక బోర్డు కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. అక్షరం రెండంగుళాల ఎత్తుకు తగ్గకూడదు. మార్కర్ గీతలు ఎండిపోయి తుడుపుడు పడకపోతే, వాటి మీదే మార్కర్‌తో మళ్లీ గీసి వెంటనే తుడవండి, వచ్చేస్తాయి.

కరెంటు పోతే క్లాసు ఆగకూడదు. ఇన్వర్టర్ లేకపోయినా రీఛార్జబుల్ ఎల్ఈడీ బల్బులు రెండు ఉంటే గండం గడుస్తుంది. చెప్పులకు స్టాండు, తాగే నీళ్లు, పిల్లలు వాడుకోవడానికి శుభ్రమైన బాత్రూం ఉండాలి. చూడటానికి వచ్చిన తల్లులు బాత్రూం సంగతి తప్పకుండా గమనిస్తారు.

మొదటి పరీక్ష: అసలు పని ఇక్కడుంది

చేర్చుకునే ముందు ప్రతి పిల్లవాడికీ 15 ప్రశ్నలు, 40 నిమిషాల పరీక్ష పెట్టండి. చదువుతున్న తరగతి నుంచి ఒక్క ప్రశ్న కూడా వద్దు. తొమ్మిదో తరగతివాడికి ఐదు, ఆరు, ఏడు తరగతుల లెక్కలు ఇవ్వండి. హెచ్చవేతలు, భాగాహారాలు మూడు, భిన్నాలు మూడు, దశాంశాలు రెండు, రుణ సంఖ్యలు రెండు, శాతాలు రెండు, మాటల్లో ఇచ్చిన లెక్కలు మూడు. మార్కు ఎంత అన్నది ముఖ్యం కాదు, ఏ తప్పు చేశాడన్నది చూడాలి.

చాలామంది దగ్గర కనిపించే తప్పు ఒకటి తీసుకుందాం. 3/4 + 2/5 ఎంత అంటే 5/9 అని రాస్తారు. పైవి పైకి, కిందివి కిందికి కూడేశారు. దీనికి వెంటనే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి చెప్పొద్దు. ఆ పద్ధతి వాళ్లు ఇదివరకే విన్నారు, మర్చిపోయారు, మళ్లీ మర్చిపోతారు. ముందు ఆ జవాబు ఎందుకు కుదరదో వాళ్లకే కనబడాలి. 3/4 అంటే సగం కంటే బాగా ఎక్కువ. 5/9 అంటే సగం కంటే కొంచెమే ఎక్కువ. ఉన్నదానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని అడిగి ఆగండి. పిల్లవాడు తలెత్తి చూస్తాడు. అప్పుడు గళ్ల నోటుబుక్కులోంచి 20 గళ్ల పట్టీ కత్తిరించి చేతికివ్వండి. దాన్ని నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కోటి 5 గళ్లు, మూడు భాగాలు 15 గళ్లు. ఐదు భాగాలు చేస్తే ఒక్కోటి 4 గళ్లు, రెండు భాగాలు 8 గళ్లు. మొత్తం 23 గళ్లు, పట్టీలో ఉన్నవి 20. కాబట్టి 23/20. ఇరవయ్యే ఎందుకు తీసుకున్నాం, పన్నెండు తీసుకుంటే ఏమవుతుందని అడగండి. పన్నెండు గళ్లను ఐదు సమభాగాలు చేయలేక ఇబ్బంది పడినప్పుడు, క.సా.గు. ఎందుకు కావాలో వాడే చెబుతాడు. దీనికి ఇరవై నిమిషాలు పడుతుంది. బడిలో నలభై మందికి ఇలా చెప్పే తీరిక ఉండదు. మీ దగ్గర ఎనిమిది మందే ఉన్నారు గనుక కుదురుతుంది, ఫీజు తీసుకుంటున్నది కూడా ఇందుకే.

రెండో రకం తప్పు లెక్కలది కాదు, భాషది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మాటల లెక్క ఇంగ్లీషులో ఇచ్చి, చేయకపోతే అదే తెలుగులో చదివి వినిపించండి. "అంగట్లో 80 రూపాయలకు కొన్న సరుకు 100కి అమ్మితే లాభం శాతం ఎంత?" తెలుగులో వినగానే చేసేస్తే వాడికి లెక్క వచ్చు, ప్రశ్న చదవడం రాదు. వాడికి రోజుకు రెండు ప్రశ్నలు చదివించి, ఏమిచ్చారు, ఏమడిగారు అన్నది సొంత మాటల్లో చెప్పించాలి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. ప్రైవేటు బడి పిల్లలకు కూడా ఆ పుస్తకాలు ఒక సెట్టు దగ్గరుంచుకోండి, ఈ పనికి వాటికి మించినవి లేవు. తెలుగులో విన్నాక కూడా 20 శాతం అంటే వాడి ఇబ్బంది వేరు. లాభం 20 రూపాయల్నే శాతంగా రాసేశాడు, లేదా అమ్మిన ధర మీద లెక్కేశాడు. కొన్న 80 మీద వేస్తే 25 శాతం. ఇక నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు. వాళ్లకు తెలుగు ప్రశ్న కూడా రెండో భాషే కావచ్చు, తొందరపడి తెలివితక్కువ అనుకోవద్దు.

ప్రతి తప్పు పక్కన ఒక గుర్తు పెట్టండి: తెలియదు, తెలిసీ చేయి తప్పింది, చదివి అర్థం కాలేదు, భయపడి వదిలేశాడు. నాలుగింటికీ మందు వేరు. చేయి తప్పేవాడికి మళ్లీ పాఠం చెప్పడం దండగ, అంకెలు వరుసలో రాయడం, చివర్లో సరిచూసుకోవడం నేర్పాలి.

ఆ పేపరు తల్లిదండ్రుల ముందు పెట్టి మాట్లాడండి. "అమ్మా, పాపకు తొమ్మిదో తరగతి లెక్కలు రాకపోవడం కాదు, భిన్నాల దగ్గర ఆగింది. ఆరు వారాలు రోజూ ఇరవై నిమిషాలు అక్కడ పనిచేస్తాం. తర్వాత ఇదే పరీక్ష అంకెలు మార్చి పెట్టి మీకు చూపిస్తాను." చెప్పినట్టే ఆరు వారాలకు పెట్టి రెండు పేపర్లూ పక్కపక్కన చూపించండి. కరపత్రాల కంటే ఈ రెండు పేపర్లే మీకు ఎక్కువమంది పిల్లల్ని తెస్తాయి.

రోజు క్లాసు: 75 నిమిషాలు

మొదటి 10 నిమిషాలు నిన్నటి నుంచి మూడు లెక్కలు, పుస్తకం చూడకుండా. తర్వాత 25 నిమిషాలు కొత్త విషయం. ఆపైన 25 నిమిషాలు ఎవరి పని వాళ్లు చేస్తారు, మీరు తిరుగుతూ చూస్తారు. వెనకబడినచోటు సరిచేసే ఇరవై నిమిషాలు ఇందులోవే. బడి హోంవర్కు సందేహాలకు 10 నిమిషాలు, దాటనివ్వొద్దు. చివరి 5 నిమిషాలు తప్పుల నోటు. ఆరోజు చేసిన తప్పు, సరైన పద్ధతి, తప్పెందుకు జరిగిందో ఒక్క వాక్యం. పరీక్షల ముందు పిల్లవాడు చదవాల్సింది గైడు కాదు, ఈ నోటు.

హోంవర్కు ఇంకా ఉందని పిల్లలు రోజూ అంటారు. రెండు రోజులు ఒప్పుకుంటే మూడో రోజు నుంచి క్లాసంతా హోంవర్కే అవుతుంది.

ఫీజు లెక్క

మీ వీధిలో నడుస్తున్న ఫీజు కనుక్కోండి, కానీ లెక్క మీ ఖర్చు నుంచి వేయండి. అంకెలు ఉదాహరణకే. 18 మంది పిల్లలు, నెలకు 800 చొప్పున 14,400. బయట గది తీసుకుంటే బాడుగ 5,000, కరెంటు 900, జిరాక్సులు, కాగితం 700, మార్కర్లు, నీళ్లు, శుభ్రం 600, ఫోను 300. మొత్తం 7,500. మిగిలేది 6,900. రెండు బ్యాచ్‌లు 25 రోజులకు 62 గంటల 30 నిమిషాలు, ఇంట్లో దిద్దడానికి, తయారవడానికి రోజుకో గంట చొప్పున ఇంకో 25. గంటకు 79 రూపాయలు పడింది. అదే ఇంట్లో చెబితే బాడుగ 5,000 మిగిలి గంటకు 136 రూపాయలు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫీజు వచ్చేది పది నెలలు, బాడుగ కట్టేది పన్నెండు నెలలు. ఆ రెండు నెలల 10,000ను పది నెలల మీద పంచితే నెలకు మరో వెయ్యి పోతుంది. అందుకే మొదటి ఏడు బాడుగ గది వద్దనేది.

ఫీజు నెల మొదట్లోనే, 5వ తేదీ లోపల తీసుకోండి. నెలాఖరుకు తీసుకునే అలవాటు పెడితే మానేసేవాళ్లు చివరి నెల డబ్బు ఇవ్వకుండానే మానేస్తారు. అడగడానికి మొహమాటపడి వదిలేస్తే మూడు నెలల బాకీ పేరుకుంటుంది, ఆపైన వాళ్లకు మీ ముఖం చూడటానికి సిగ్గేసి పిల్లవాణ్ణి మాన్పిస్తారు. పిల్లలతో కబురు మాత్రం చేయొద్దు, పదిమందిలో వాళ్ల తల వంగిపోతుంది. 3వ తేదీన అందరికీ ఒకే మెసేజ్ పంపండి: "నమస్కారం. ఈ నెల ట్యూషన్ ఫీజు 5వ తేదీ లోపు పంపగలరు. ఈ నెల ఇబ్బంది ఉంటే ఒక్క మాట చెప్పండి, తేదీ మార్చుకుందాం." చివరి వాక్యం తీసేయొద్దు. చెప్పుకునే దారి ఉంటే తప్పించుకుని తిరిగేవాళ్లు తగ్గుతారు.

నెల మధ్యలో చేరితే ఎంత, మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, అన్నదమ్ములకు ఎంత తగ్గిస్తారు, ఏడాదికోసారి జూన్‌లో ఫీజు ఎంత పెరుగుతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చేరేరోజే ఇవ్వండి. ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి.

కాగితాలు, జాగ్రత్తలు

ఇంట్లో పదిహేను, ఇరవై మందికి చెప్పుకునేవాళ్లకు పెద్ద తతంగం లేదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది, మధ్యలో ఎవరికీ డబ్బు కట్టొద్దు. బాడుగ గదిలో నడిపితే కరెంటు మీటరు గృహ కేటగిరీలో ఉందో వాణిజ్య కేటగిరీలో ఉందో ఇంటి ఓనరును ముందే అడగండి. పిల్లలు 50 దాటితే సంగతి వేరు. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో అలాంటివాటిని కోచింగ్ సెంటర్లుగా లెక్కించి రిజిస్ట్రేషన్, 16 ఏళ్ల లోపువాళ్లను చేర్చుకోకూడదన్న నియమం, మనిషికి కనీసం ఒక చదరపు మీటరు చోటు వంటివి చెప్పారు. అంత పెంచాలనుకుంటే ముందే మండల విద్యాధికారి కార్యాలయంలో కనుక్కోండి.

"నూటికి నూరు గ్యారంటీ" అని కరపత్రంలో వేయొద్దు. అది అబద్ధం, తప్పుదోవ పట్టించే ప్రకటనల కింద చిక్కు కూడా. పిల్లల ఫొటోలు, మార్కులు వాడాలంటే ఫలితాలు వచ్చాక తల్లిదండ్రుల చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

క్లాసు జరిగినంతసేపూ తలుపు తీసే ఉండాలి. ఒక్క పిల్లనో పిల్లవాణ్ణో ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పొద్దు. సందేహాలు ఎక్కువున్నా ఇద్దర్ని ఉంచండి, లేదా ఇంట్లో పెద్దవాళ్లు కనబడేచోట చెప్పండి. చేయి చేసుకోవడం అసలు వద్దు, తల్లిదండ్రులే "రెండు తగిలించండి సార్" అన్నా సరే. పిల్లల మీద లైంగిక వేధింపు జరుగుతోందన్న అనుమానం వస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లల సహాయానికి ఉన్న చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉంచండి.

ఏడాదిలో ఎప్పుడేం చేయాలి

బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. బడిలో మొదటి పరీక్షల మార్కులు వచ్చాక అడిగేవాళ్లు పెరుగుతారు. అంతవరకు ఐదారుగురే ఉన్నా దిగులు పడొద్దు, ఆ ఐదారుగురి మీదే పద్ధతి కుదుర్చుకోండి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు, వైకుంఠ ఏకాదశి రోజు, మే నెలలో గంగమ్మ జాతర చివరి రోజుల్లో రోడ్ల రద్దీ, ఇంటికి చుట్టాల రాక ఉంటాయి. ఆ రోజులు ముందే సెలవుగా ప్రకటించి, బదులు క్లాసు ఏ ఆదివారమో అప్పుడే చెప్పేయండి. వేసవిలో కొత్త తరగతి పాఠాలు ముందే చెప్పేయాలనే తొందర వద్దు. నాలుగు వారాలు, ఉదయం 7 నుంచి 8.30, ఎక్కాలు, భిన్నాలు, రుణ సంఖ్యలు మాత్రమే. జూన్ బ్యాచ్ అక్కడి నుంచే తయారవుతుంది.

రెండో ఏడు పదో తరగతి మొదలుపెట్టాక జనవరిలో, సంక్రాంతి సెలవులవగానే, కొత్తవాళ్లు వస్తారు. పరీక్షలు మార్చిలో. వాళ్లను జూన్ నుంచి చదువుతున్నవాళ్లతో కలిపితే ఇద్దరూ చెడతారు. చేర్చుకుంటే విడిగా, వారానికి ఐదు రోజులు, 35 మార్కులు దాటించే పాఠాల వరకే. అంతకంటే మాట ఇవ్వలేనని తండ్రితో అప్పుడే చెప్పండి. పాత ప్రశ్నపత్రాలు చేయించేటప్పుడు ఒకటి గమనించండి. పదో తరగతి పుస్తకాలు 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారంగా మారాయి, అంతకుముందు పేపర్లు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

బ్యాచ్‌లు రెండూ నిండి, పేర్లు రాసుకుని కాచుకున్నవాళ్లు ఎనిమిది మంది అయ్యాక రెండో టీచరును తీసుకోండి, అంతకుముందు కాదు. నెల జీతం కాకుండా గంటల లెక్కన మాట్లాడుకోండి. మొదటి రెండు వారాలు మీ క్లాసులో వెనక కూర్చుని తప్పుల నోట్లు దిద్దనివ్వండి. పిల్లవాడి తప్పు చూసి అది ఏ రకమో చెప్పగలిగిన రోజున బోర్డు ముందుకు పంపండి.